ఇండియా నంబర్ పోయింది, మెయిల్ ఓటీపీ ఇంకెవరికో వెళ్తోంది. ఆ నంబర్‌కి ఫోన్ చేసి అడగొచ్చా?

షార్జా ఏసీ:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. ఇక్కడ రూమ్‌లో ఎవరికి చెప్పినా "ఫర్‌గాట్ పాస్‌వర్డ్ కొట్టు అన్నా" అంటున్నారు. పాస్‌వర్డ్ నాకు బ్రహ్మాండంగా గుర్తుంది. కొడితే తీసుకుంటోంది కూడా. ఆ తర్వాతే "చివర 47 ఉన్న నంబర్‌కి కోడ్ పంపాం, ఇక్కడ ఎంటర్ చేయండి" అంటోంది. ఆ 47 నంబర్ ఇప్పుడు నాది కాదు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. షార్జాలో ఏసీ టెక్నీషియన్‌ని. అంతకుముందు ఖతర్‌లో చేశాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి మా ఏర్పాటు కొత్తేమీ కాదు. ఇండియా సిమ్ ఇంటి దగ్గర పాత ఫోన్‌లో వేసి ఉంచుతాం. మా జీతాలకి రోమింగ్ ప్యాకులు ఎవడు వేయించుకుంటాడు? బ్యాంకు ఓటీపీయో, మెయిల్ కోడో వస్తే తమ్ముడు చూసి బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో చదివి చెప్తాడు. ఇక్కడ వాట్సాప్ కాల్ పోదు కదా, మెసేజీలు, వాయిస్ నోట్లే. ఏళ్లుగా ఇలాగే నడిచింది.

పోయిన ఎండాకాలం ఆ పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. పేలుతుందేమోనని అమ్మ భయపడి స్విచాఫ్ చేయించి బీరువా అడుగు సొరుగులో పెట్టించింది. తమ్ముడేమో పెళ్లి సంబంధాల తిరుగుళ్లలో ఉన్నాడు. నాకేమో సీజన్, ఎండాకాలం వచ్చిందంటే ఏసీ వాళ్లకి అన్నం తినే టైమ్ కూడా దొరకదు. అలా రీచార్జ్ ఆగిపోయింది.

ఈమధ్య ఒక బిల్డింగ్ మీద అవుట్‌డోర్ యూనిట్ విప్పుతుంటే చేతిలో ఉన్న ఫోన్ జారి కింద పార్కింగ్‌లో పడింది. ముక్కలు కూడా ఏరుకోలేదు. కొత్త ఫోన్ కొని మెయిల్ పెట్టుకుందామంటే కోడ్ 47కి పోయింది. తమ్ముడు సిమ్ తీసి తన ఫోన్‌లో వేస్తే సిగ్నల్ లేదు. సిమ్ షాపుకి పోతే "ఈ నంబర్ వేరే కస్టమర్ పేరు మీదుందన్నా" అన్నారట.

ఆ మెయిల్‌లో ఏముందో చెప్తాను. ఖతర్ కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉంది. ఆ కంపెనీయే ఇప్పుడు లేదు, మళ్లీ ఇచ్చేవాడు లేడు. ఐటీఐ సర్టిఫికెట్‌కి అటెస్టేషన్ చేయించిన స్కాన్లు, పొలం పాస్‌బుక్ ఫొటోలు ఉన్నాయి. మా ఆవిడ పంపిన పాప వీడియోలన్నీ ఉన్నాయి. పాప బోర్లా పడింది, పాకింది, నడిచింది, అన్నీ నేను ఫోన్‌లోనే చూసినవాణ్ని. కొన్ని మా ఆవిడ ఫోన్‌లో ఉన్నాయి, చాలావరకు స్టోరేజ్ నిండిందని ఆమె తీసేసింది, "మీ దాంట్లో ఉన్నాయి కదా" అని.

మొన్న ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. ఎవరో పెద్దాయన ఎత్తాడు. "ఎవురప్పా?" అన్నాడు, సీమ మాట. నాకు గొంతు పెగల్లేదు. రాంగ్ నంబర్ అని పెట్టేశాను.

అడగొచ్చా? "సార్, మీకొక కోడ్ వస్తుంది, చదివి చెప్పండి" అంటే ఎవరైనా చెప్తారా? వేరే దారి ఏమైనా ఉందా? కొత్త కంపెనీ నెలాఖరులోగా ఆ లెటర్ అడుగుతోంది, అదొక టెన్షన్.

గ్యారంటీ రికవరీ సర్వీస్:

సార్ ఏ అకౌంట్ అయినా 2 గంటల్లో 100 శాతం రికవరీ. అడ్వాన్స్ 1500 మాత్రమే. మా దగ్గర కంపెనీ లోపలి మనుషులు ఉన్నారు. ఇన్‌బాక్స్‌కి రండి.

కోరుట్ల మొబైల్స్:

పైవాడికి రూపాయి కూడా పంపకు తమ్మీ. వీళ్ల పని ఎట్లుంటదో నాకు తెలుసు, నా షాపుకి మోసపోయి వచ్చినవాళ్లు చాలామంది. ముందు అడ్వాన్స్ అంటారు. తర్వాత "వెరిఫై చేయాలి, పాస్‌వర్డ్ పంపు" అంటారు. నీ చేతిలో మిగిలిన ఒకే ఒక్క తాళంచెవి ఆ పాస్‌వర్డ్, అది కూడా ఇచ్చేస్తే ఇక నీకేం లేదు. లోపలి మనుషులు అనేదంతా సొల్లు. అట్లనే గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని వెతికి దొరికిన నంబర్లకి ఫోన్ చేయకు, వాటిలో సగం వీళ్లవే.

ఇక నీ సంగతి. నంబర్ తిరిగి వస్తుందన్న ఆశ వదిలేయ్. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు అసలు వాడకపోతే కట్ చేయొచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్. బ్యాలెన్స్ 20 రూపాయలుంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి, కట్ చేసినాక కూడా 15 రోజులు అడిగేందుకు టైమ్ ఇవ్వాలి అని కూడా ఉంది. ఆ 15 రోజుల్లో వస్తే నేనే చేయించి ఇచ్చేవాణ్ని. కొత్త మనిషికి పోయినాక కంపెనీ వాళ్లు కూడా ఏం చేయలేరు.

నాకు ఒక్క మాట చెప్పు. బీరువాలో పెట్టిన ఆ ఫోన్ ఇంకా ఉందా? దాంట్లో నీ మెయిల్ లాగిన్ అయ్యి ఉండేదా, లేక ఉత్త సిమ్ కోసమేనా?

లాగిన్ అయ్యి ఉంటే నీ పని అయినట్టే అనుకో. దాన్ని రీసెట్ చేయనీయకు. అమ్మేయనీయకు. తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, నా మాట తర్వాత చదువు.

ఇంకోటి, షార్జాలో కొత్త ఫోన్ మీద ఊరికే మళ్లీ మళ్లీ ట్రై చేయకు. కొత్త ఫోన్, కొత్త చోటు, వరసగా ఫెయిలైన లాగిన్లు, ఇవన్నీ చూసి వాళ్ల సిస్టమ్ నిన్నే దొంగ అనుకుంటది. తెలిసిన ఫోన్, తెలిసిన వైఫై నుంచి అడిగితే నమ్మకం ఎక్కువ.

రాజోలు టీచరమ్మ:

బాబూ, నేను అవతలి వైపు మనిషిని. అంటే వేరేవాళ్ల పాత నంబర్ నాకొచ్చింది. అందుకే రాస్తున్నాను.

మా అబ్బాయి కొత్త సిమ్ తీసుకొచ్చి ఇచ్చిన రోజు సాయంత్రమే మొదలైందండి. ఎవరిదో స్కూలు ఫీజు బాకీ అని మెసేజ్. వరంగల్ వైపు ఏదో కొరియర్ డెలివరీకి వస్తున్నామని మెసేజ్. లోను కిస్తీ కట్టలేదని ఒకబ్బాయి రోజూ ఫోన్ చేసి ఏకవచనంలో మాట్లాడేవాడు. నేను రిటైర్డ్ టీచర్నయ్యా, ఆ మనిషిని కాదు అంటే "అందరూ ఇలాగే అంటారు" అనేవాడు.

ఇంతకంటే ఇబ్బంది పెట్టింది మరొకటి. ఒక షాపింగ్ యాప్‌లో నా పేరున అకౌంట్ తెరుద్దామని నంబర్ కొట్టాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను. కొట్టగానే వేరేవాళ్ల అకౌంట్ తెరుచుకుంది. పేరు, హనుమకొండలో ఇంటి అడ్రసు, గుడి ఎదురుగా అని గుర్తు, నెలనెలా తెప్పించుకున్న షుగర్ మందుల లిస్టు, అడల్ట్ డైపర్లు. వెంటనే మూసేశాను. చెప్పుకోకూడని ఇంటి సంగతి చెవిన పడితే ఎలా ఉంటుందో అలా అయిపోయింది నాకు. పాస్‌వర్డ్ లేదు, ప్రశ్న లేదు, ఆరు అంకెలు ఎవరి ఫోన్‌కి వస్తే ఇల్లు వాళ్లది. ఎవరు పెట్టారండీ ఇలాంటి పద్ధతి?

ఇప్పుడు మీ ప్రశ్న. నాకూ ఒకాయన ఫోన్ చేశాడు. ఈ నంబర్ తనదేనని, మెయిల్ పోయిందని, కోడ్ చదివి చెప్పమని. మర్యాదగానే మాట్లాడాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు మీరు అడిగినా చెప్పను. మీమీద కోపం కాదు. దొంగ ఫోన్ చేసినా సరిగ్గా ఇదే కథ చెప్తాడు కదా, ఏడుపు గొంతుతో సహా. పైగా ఆ సిమ్ ఇప్పుడు నా ఆధార్ మీద ఉంది. ఆ కోడ్‌తో రేపు ఎవరి డబ్బులో పోతే పోలీసులు మీ ఇంటికి రారు, మా రాజోలు వస్తారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, టీవీలు, ఫోన్ కాలర్ ట్యూన్లో కూడా వినిపించి వినిపించి మాకు నేర్పారు. నేర్చుకున్నాం.

ఆ హనుమకొండ వాళ్లకి మాత్రం ఆ అడ్రసుకి ఉత్తరం రాశాను, కార్డు కాదు, కవరు. "మీ పాత నంబర్ ఇప్పుడు నా దగ్గరుంది, మీ అకౌంట్లలో మార్చుకోండి" అని. వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. నంబర్ వాళ్ల నాన్నగారిదట, ఆయన పోయారట. ఆ యాప్, బ్యాంకు, కొరియర్ అన్నీ మార్పించాడు. స్కూలు ఫీజు మెసేజ్ మాత్రం ఇప్పటికీ వస్తోంది. ఆ పిల్లాడు ఎవరో, ఏ తరగతో.

అమలాపురం కుర్రోడు:

ఆరు అంకెలు చెప్తే ఏం పోయింది మేడమ్? పాపం ఆయన పాప వీడియోలు అంటున్నాడు. మనిషన్నాక కొంచెం జాలి ఉండాలి కదా.

రాజోలు టీచరమ్మ:

జాలి ఉంది నాన్నా. నా నంబర్‌కి ఇలా ఎంతమంది ఫోన్ చేస్తారో, అందులో ఎవరు నిజమో తేల్చే పని నాకెందుకు పెట్టారు? ఆ మెయిల్ కంపెనీకి వేలమంది ఇంజినీర్లు ఉన్నారు. ఈయన నిజంగా ఈయనేనా అన్నది వాళ్లు తేల్చలేక, రాజోలులో కళ్లద్దాలు వెతుక్కునే నా మీద తోసేశారు. అదీ నా బాధ.

షార్జా ఏసీ:

టీచరమ్మ గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా అమ్మకి ఎవరైనా ఇలా ఫోన్ చేస్తే నేనే "పెట్టెయ్ అమ్మా" అంటాను. ఆ సీమ పెద్దాయనకి ఇక ఫోన్ చేయను. ఆయన వాట్సాప్ డీపీ కూడా చూశాను, మనవరాలిని ఎత్తుకుని ఉన్నాడు. నా పాత కాంటాక్టులు ఎవరైనా నేననుకుని ఆయనకి మెసేజ్ పెడుతున్నారేమో, అది వేరే భయం.

కోరుట్ల అన్నా, ఆ ఫోన్ ఉంది. బీరువాలోనే ఉంది. మెయిల్ లాగిన్ అయ్యే ఉండేది, ఎందుకంటే మొదట అది నేను వాడిన ఫోనే. దానికి కొత్త బ్యాటరీ దొరుకుతుందా? ఐదారేళ్ల కిందటి మోడల్. తమ్ముడు ఛార్జింగ్ పెట్టి చూస్తానన్నాడు, వద్దన్నాను.

కోరుట్ల మొబైల్స్:

మంచి పని చేశావ్. ఉబ్బిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు. షాపుకి తీసుకురమ్మను, జగిత్యాలలో అయినా చేస్తారు. బ్యాటరీ మార్పించేటప్పుడు "డేటా కావాలి, సాఫ్ట్‌వేర్ వేయొద్దు" అని రెండుసార్లు చెప్పమను. మా వాళ్లకి అలవాటు, ఫోన్ ఆన్ కావడం లేట్ అయితే చాలు ఫ్లాష్ కొట్టేస్తారు, అంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసి లోపలున్నదంతా చెరిపేస్తారు.

ఫోన్ ఆన్ అయినాక ఇంటి వైఫై కానీ తమ్ముడి హాట్‌స్పాట్ కానీ ఇవ్వాలి. స్క్రీన్ లాక్ ప్యాటర్న్ నీకు గుర్తుందా? అది లేకపోతే ఇదంతా దండగ. గుర్తుంటే, ముందు మెయిల్ యాప్ తెరుచుకుంటుందా చూడమను. తెరుచుకుంటే ఆ లెటర్‌ని అక్కడికక్కడే తమ్ముడి మెయిల్‌కి ఫార్వర్డ్ చేయించు. మిగతా పనులు తర్వాత. మొదట లెటర్.

ఆ తర్వాత నువ్వు షార్జాలో పాస్‌వర్డ్ కొట్టి, కోడ్ అడిగిన చోట "వేరే మార్గం" అని ఉంటుంది, అది నొక్కు. చాలా మెయిల్స్‌లో లాగిన్ అయ్యి ఉన్న ఇంకో ఫోన్‌కి "ఇది మీరేనా?" అని నోటిఫికేషన్ పంపే దారి ఉంటుంది. తమ్ముడు అక్కడ అవును అంటే నీకు ఇక్కడ తెరుచుకుంటుంది. ఒక్కోసారి రాదు. చాలాకాలం ఆఫ్‌లో ఉన్న ఫోన్‌ని వెంటనే నమ్మదు. అప్పుడు ఒకట్రెండు రోజులు ఆన్‌లో ఉంచి మళ్లీ చూడాలి. ఇద్దరూ వీడియో కాల్‌లో ఉండి చేయండి, ఆ నోటిఫికేషన్ ఎక్కువసేపు ఉండదు.

సికింద్రాబాద్ వకీలు:

మెయిల్ గురించి మంచి సలహాలే ఇచ్చారు. నాకు భయం వేసేది బ్యాంకు గురించి. అందరూ పాప వీడియోల దగ్గర ఆగిపోయారు, బ్యాంకు సంగతి ఎవరూ అడగలేదు.

షార్జా గారూ, మీ బ్యాంకు అకౌంట్‌లో రిజిస్టర్ అయ్యి ఉన్నది కూడా ఆ 47 నంబరేనా? అయితే మీ ఓటీపీలు, జీతం పడిన మెసేజ్‌లు ఇవాళ కూడా సీమలో ఆ పెద్దాయన ఫోన్‌లో మోగుతున్నాయి. ఆయన మంచివాడే కావచ్చు, ఆ ఫోన్ రేపు ఎవరి చేతికి పోతుందో ఆయనకీ తెలియదు. ముందు బ్యాంకుకి రాయండి. కార్డు వెనక ఉన్న నంబర్‌కే ఫోన్ చేసి పాత మొబైల్ నంబర్ మీద యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపేయమనండి. తర్వాత నంబర్ మార్పు ఫారం. ఎన్ఆర్ఈ అకౌంట్ (విదేశాల్లో ఉండే మనవాళ్ల కోసం ఉన్న అకౌంట్) ఉన్నవాళ్లకి విదేశీ నంబర్ మీద యూపీఐ వాడుకునేలా, యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2023 జనవరిలో అనుమతి ఇచ్చింది, యూఏఈ ఆ లిస్టులో ఉంది. మీది ఇంకా మామూలు సేవింగ్స్ అకౌంటే అయితే, గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లలో చాలామందిది అదే, సెలవుకి వచ్చినప్పుడు అది కూడా సరిచేసుకోండి. ఆధార్‌కి అదే నంబర్ ఉంటే దాన్నీ ఆధార్ కేంద్రంలో మార్పించుకోండి. లేకపోతే డిజిలాకర్ తెరుద్దామన్నా ఓటీపీ మళ్లీ సీమకే పోతుంది.

చట్టం ఏమంటుందని అడిగేవాళ్ల కోసం. రద్దయిన నంబర్లు కొత్తవాళ్లకి ఇవ్వకుండా ఆపాలని ఒక న్యాయవాది సుప్రీంకోర్టుకి వెళ్లారు. రద్దయ్యాక కనీసం 90 రోజులు ఇంకొకరికి ఇవ్వరని ట్రాయ్ చెప్పింది. 45 రోజులు వాడకుండా ఉన్న నంబర్ వేరే ఫోన్‌లో యాక్టివేట్ అయితే పాత డేటా తీసేస్తామని వాట్సాప్ చెప్తుంది. కోర్టు 2023 నవంబర్‌లో ఆ పిటిషన్‌ని ముగించింది. తన డేటా జాగ్రత్త పాత కస్టమరే చూసుకోవాలని తేల్చింది. మీ వాట్సాప్ భయం అందుకే కొంత తగ్గించుకోవచ్చు. పాత చాట్లు ఆయనకి కనిపించవు. మీ గ్రూపులవాళ్లకి కొత్త నంబర్ చెప్పి పాతదాన్ని తీయించండి, అది చాలు.

నా అభిప్రాయం అడిగితే, కోర్టు మాట ఊళ్లోనే ఉండే మనిషికి సరిపోతుంది. రెండేళ్లకోసారి ఊరొచ్చే మనిషికి 90 రోజులు ఏ మూలకి? నంబర్ అనేది అద్దె ఇల్లు. ఖాళీ చేసినా ఉత్తరాలు పాత అడ్రసుకే వస్తుంటాయి, ఓనరు మాత్రం కొత్తవాళ్లకి తాళం ఇచ్చేస్తాడు. రద్దయిన నంబర్ల జాబితా టెలికాం శాఖ దగ్గర ఉంది, ఆ జాబితా చూసి మీ రికార్డులు శుభ్రం చేసుకోండని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకి చెప్పింది. బ్యాంకులకి చెప్పేవాడు ఉన్నాడు కాబట్టి చెప్పాడు. మెయిల్ కంపెనీలకి, షాపింగ్ యాప్‌లకి ఆ మాట గట్టిగా చెప్పే నాథుడు ఇంతవరకు కనిపించలేదు. టీచరమ్మ గారికి కనిపించిన డైపర్ల లిస్టు దాని ఫలితమే.

మెయిల్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయొచ్చు. వాళ్ల నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం పెట్టిన అప్పిలేట్ కమిటీకి (అప్పీళ్లు వినే కమిటీ) ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు, లాయర్ అక్కర్లేదు. రాయండి, పోయేదేం లేదు. ఆశలు మాత్రం ఎక్కువ పెట్టుకోకండి. ఆ దారి కంపెనీ తానే అకౌంట్ మూసేసిన కేసులకి ఎక్కువ పనికొస్తుంది. చిన్నప్పుడు నానమ్మ స్నానం చేయిస్తున్న ఫొటో గూగుల్ డ్రైవ్‌లో పెట్టినందుకు అకౌంట్ మూసేశారని ఒక ఇంజినీర్ గుజరాత్ హైకోర్టుకి వెళ్తే 2024లో కోర్టు గూగుల్‌కి నోటీసు ఇచ్చింది. అతనికి హైకోర్టు దాకా వెళ్లే ఓపిక, చదువు ఉన్నాయి. ఏసీ రిపేరు మధ్యలో మీకు ఆ తీరిక ఎక్కడిది? మీకు బీరువాలోని ఫోనే హైకోర్టు.

షార్జా ఏసీ:

వకీలు గారూ, చదువుతుంటే చెమటలు పట్టాయి. బ్యాంకుకి అదే నంబర్. డ్యూటీ అయిపోగానే ఫోన్ చేశాను. ముందు "మీ రిజిస్టర్డ్ నంబర్ నుంచి చేయండి" అంది రికార్డు గొంతు. అది లేకనే కదా తల్లీ నీకు ఫోన్ చేసేది! చివరికి మనిషి లైన్‌లోకి వచ్చింది. అమ్మ పేరు, పుట్టిన తేదీ, ఆఖరున ఎక్కడ డబ్బు తీశానో అడిగి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపేసింది. నంబర్ మార్చడానికి మాత్రం ఫారం, పాస్‌పోర్టు, వీసా పేజీ, పతాకా (ఇక్కడి ఐడీ కార్డు) కాపీలు బ్రాంచికి పంపాలట. సంతకం వాళ్ల దగ్గరున్నదానితో కలవాలట. పదో తరగతిలో పెట్టిన సంతకం, ఇప్పుడు ఎలా వస్తుందో చూడాలి.

ఇంకో అనుమానం. ఇప్పుడు అన్నిటికీ ఇక్కడి యూఏఈ నంబర్ ఇచ్చేస్తే సరిపోతుందా?

కోరుట్ల మొబైల్స్:

బ్యాంకుకి ఇవ్వు, తప్పదు. మెయిల్‌కి అదొక్కటే ఇచ్చి కూర్చోకు. అక్కడి సిమ్ నీ పతాకాతో ముడి. వీసా అయిపోయి ఇంటికొచ్చినావంటే అది కూడా పోతుంది, మళ్లీ ఇదే పోస్టు పెడతావ్. మెయిల్ తెరుచుకున్న రోజే బ్యాకప్ కోడ్లు తీసుకో, ఓటీపీ బదులు కొట్టేవి. గూగుల్‌లో అయితే పది వస్తాయి, ఒక్కొక్కటి ఒక్కసారికే. వాటికి సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. కాగితం మీద రాసి ఒకటి పాస్‌పోర్టు కవర్లో, ఒకటి ఇంట్లో పొలం కాగితాల దగ్గర పెట్టు. ఫొటో తీసి అదే మెయిల్‌లో దాచుకోకు, నవ్వకు, అట్లా చేసినవాళ్లని చూశాను. రికవరీ మెయిల్‌గా మీ ఆవిడది పెట్టు.

రాజోలు టీచరమ్మ:

పాత నంబర్ ఎక్కడెక్కడ ఇచ్చారో కూర్చుని రాసుకోండి బాబూ. గ్యాస్, కరెంటు, ఇన్సూరెన్స్, పాప టీకాల కార్డు, స్కూలు. మనం మర్చిపోయినవే అవతలివాళ్లకి మోగుతాయి.

షార్జా ఏసీ:

అప్‌డేట్. ఆలస్యానికి ఏమనుకోకండి, మధ్యలో రెండు షిఫ్టులు పడ్డాయి.

జగిత్యాల షాపులో ఒరిజినల్ బ్యాటరీ లేదన్నారు, కరీంనగర్ నుంచి తెప్పించారు. తమ్ముడు మీరు చెప్పినట్టే "సాఫ్ట్‌వేర్ వేయొద్దు" అని కౌంటర్ దగ్గరే నిలబడ్డాడు. ఆన్ కావడానికి చాలాసేపు పట్టిందట, షాపతను "డెడ్ అన్నా, ఫ్లాష్ చేద్దామా" అన్నాడట కూడా. ప్యాటర్న్ నేను వీడియోలో వేలితో గీసి చూపించాను.

హాట్‌స్పాట్ ఇవ్వగానే మెయిల్ యాప్ తెరుచుకుంది. ఆగిపోయిన మెయిల్స్ అన్నీ ఒక్కసారిగా మోగుతూ వచ్చాయట, షాపులో అందరూ చూశారంటాడు తమ్ముడు. మొదట లెటర్ వెతికించాను. దొరికింది. ఖతర్ కంపెనీ ముద్ర, మా ఫోర్‌మన్ సంతకంతో సహా. తమ్ముడు ఫార్వర్డ్ చేశాడు, నేను ఇక్కడ ప్రింట్ తీయించి కొత్త కంపెనీ ఆఫీసులో ఇచ్చేశాను. తీసుకున్నారు.

"ఇది మీరేనా" నోటిఫికేషన్ మాత్రం ఆరోజు రాలేదు. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో పెట్టి వదిలేయమన్నాను. మర్నాడు రాత్రి మళ్లీ పట్టాం, ఈసారి వచ్చింది. తమ్ముడు అవును నొక్కేలోపు నాకు ఇక్కడ టైమ్ అయిపోయింది. ఇంకోసారి. అప్పుడు తెరుచుకుంది. 47 నంబర్ తీసేశాను, మా ఆవిడ మెయిల్ పెట్టాను, బ్యాకప్ కోడ్లు రాసుకున్నాను. వీడియోలు తమ్ముడు ల్యాప్‌టాప్‌లోకి దింపుతున్నాడు, మా ఊరి నెట్‌కి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. ఆ పని అయ్యేదాకా ఫోన్ బీరువాలోకి పోకూడదని అమ్మకి గట్టిగా చెప్పాను. టీవీ పక్కన పెట్టిందట, పేలదని ఇంకా నమ్మకం కుదరలేదు ఆమెకి.

బ్యాంకు ఫారం కొరియర్ చేశాను. సంతకం కలవలేదని వెనక్కి పంపారు. ఎంబసీ అటెస్టేషన్ చేయించి పంపితే తీసుకుంటారా, లేక సెలవుకి వచ్చేదాకా ఆగాల్సిందేనా? ఎవరికైనా ఇది జరిగి ఉంటే చెప్పండి. కోరుట్ల అన్నా, బ్యాటరీకి 900 తీసుకున్నారు, ఎక్కువేనా?

కోరుట్ల మొబైల్స్:

ఎక్కువే. కరీంనగర్ నుంచి తెప్పించారు కాబట్టి పోనీలే అనుకో.

సికింద్రాబాద్ వకీలు:

సంతకం ఎంబసీలోనో, దుబాయ్ కాన్సులేట్‌లోనో అటెస్ట్ చేయించి పంపితే చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. షార్జా వాళ్లకి దుబాయ్ కాన్సులేటే. పంపేముందు బ్రాంచి మేనేజర్‌కి మెయిల్ పెట్టి, "ఏ కాగితం మీద ఎవరి ముద్ర కావాలి" అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది నమ్మి పంపితే మళ్లీ ఇంకో సంతకం అంటారు.

షార్జా ఏసీ:

మెయిల్ పెట్టాను. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.